సవరణ: ఆదివారం భోజనం, శనివారం పాఠం

నల్గొండలోని మా చర్చి కార్యక్రమాలపై మొన్నటి ప్రకటనకు ఈ సవరణ. ఆరాధన తర్వాతి సహపంక్తి భోజనం ‘సంఘ సభ్యులకు’ అని పడింది, అది అందరిదీ. బాప్తిస్మం తీసుకోనివారు, ఇతర మతాలవారు, ట్రాన్స్‌జెండర్ మిత్రులు ఎవరూ ముందుగా అడగనక్కర్లేదు. వేరే వరుసలు ఉండవు, అందరికీ ఒకే గిన్నెలోని పప్పుచారు. వీల్‌చైర్‌లో వచ్చేవారి కోసం పక్క గుమ్మం తాళం ఆరాధనకు ముందే తీసి ఉంచుతాం.

శనివారం పాఠం ఇక్కడి మిషన్ చరిత్రపై. దాన్ని అమెరికన్లు మొదలుపెట్టారన్న మాట సగమే నిజం. 1890లో నల్గొండ వచ్చిన అబ్రహాం ఫ్రీజెన్ నాటి రష్యా సామ్రాజ్యానికి చెందిన మిషనరీ, మెన్నొనైట్ బ్రదరన్ అనే ప్రొటెస్టెంట్ శాఖవాడు. పనిచేసింది అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద. కానుకలు పంపి నిలబెట్టింది మాత్రం రష్యాలోని సంఘాలు. వాటిని మరచిపోవడం అన్యాయం.