మైనస్ 70 గారికి అనంతపురం నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ మైనస్ డెబ్బై డిగ్రీల సెల్సియస్ గారి దివ్య సముఖానికి,

అనంతపురం జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు ఫార్మసిస్టు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరం క్షేమం. బయట 43 డిగ్రీలు. అక్కడ మీ క్షేమం అడగను. మీకు ఏ కాలమైనా ఒకటే కదా.

తమరి పేరు మొదటిసారి విన్నది 2020 డిసెంబరులో, ఫైజర్-బయోఎన్‌టెక్ కోవిడ్ టీకాకు బ్రిటన్ అనుమతి ఇచ్చినప్పుడు. ఎంఆర్‌ఎన్‌ఏ టీకా అట, మహాద్భుతం అట అని పేపరు తిరగేస్తే, ఆ అద్భుతం వెనకాల తమరి షరతులు బారులు తీరి ఉన్నాయి. నిల్వ తమరి సన్నిధిలోనే. ప్రయాణం పొడిమంచు (డ్రై ఐస్) నింపిన పెట్టెలో. పెట్టెను రోజుకు రెండుసార్లకు మించి తెరవరాదు, తెరిస్తే మూడు నిమిషాల్లో మూసేయాలి. మా కదిరి నరసింహస్వామి దర్శనం ఇంతకన్నా సులభం.

నా దగ్గర ఉన్నది ఒక ఐఎల్ఆర్, అంటే టీకాల ఫ్రిజ్. పైకి తెరుచుకునే మూత, లోపల 2 నుంచి 8 డిగ్రీలు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి థర్మామీటరు చూసి రిజిస్టరులో రాస్తాను. ఉగాదికీ రాస్తాను, సంక్రాంతికీ రాస్తాను. పక్కనే ఐస్ ప్యాకులు గడ్డకట్టించే డీప్ ఫ్రీజరు ఉంది. దాని ప్రతాపం మైనస్ 20 దగ్గర ఆగిపోతుంది. తమరి కొలువులో దానికి బంట్రోతు ఉద్యోగం కూడా దొరకదు.

నా పని ఎలాంటిదో ఒక్క మాట మనవి చేసుకుంటాను. టీకాలు ఊళ్ళకు తీసుకెళ్ళే రోజున, ఫ్రీజరు నుంచి తీసిన ఐస్ ప్యాకులను నేరుగా టీకాల పెట్టెలో (క్యారియర్లో) పెట్టకూడదు. బల్ల మీద పరిచి, వాటికి చెమట పట్టేదాకా ఆగాలి. ఆ తర్వాత ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి, కొబ్బరికాయ కొనేవాడిలాగా. లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వినబడితే, అప్పుడు నాలుగు ప్యాకులను నాలుగు గోడలకు ఆనించి మధ్యలో టీకా సీసాలు సర్దాలి. ఇంత తంతు ఎందుకంటే మా టీకాల్లో కొన్నింటికి అతిచలి పడదు. ధనుర్వాతం టీకా ఒక్కసారి గడ్డకట్టిందా, ఇక పారబోయడమే. అంటే చలి మితిమీరకుండా కాపలా కాసి జీతం తీసుకునేవాణ్ణి నేను. తమరేమో ఇంకా చలి కావాలని అలిగి కూర్చుంటారు. మన జాతకాలు కలవవు స్వామీ.

అసలు తమరు కాపలా కాసే సరుకు ఏమిటి? ఒక చీటీ. ఎంఆర్‌ఎన్‌ఏ అంటే అదే. ఫలానా ప్రోటీను తయారుచేయండని కణానికి పంపే చీటీ. పని కాగానే చినిగిపోవడానికే పుట్టిన చీటీ. దాన్ని చింపే ఎంజైములు మన వేలికొనల మీద కూడా ఉంటాయి. ఇంత అల్పాయుష్షు వస్తువును మందుగా మలచాలని దశాబ్దాలపాటు పట్టుబట్టిన మనిషి కాటలిన్ కరికో. హంగేరీలో మాంసం కొట్టేవారి కూతురు. 1985లో అమెరికాకు వెళ్తూ, ఉన్న డబ్బును కూతురి ఎలుగుబంటి బొమ్మలో కుట్టి దాచుకున్నారు. 1995లో ఆమె పనిచేసే విశ్వవిద్యాలయం ఆమె హోదా తగ్గించింది. తర్వాత జిరాక్సు యంత్రం దగ్గర డ్రూ వైస్‌మన్ అనే శాస్త్రవేత్తతో పరిచయమైంది. (మా ఆఫీసు జిరాక్సు దగ్గర ఇప్పటివరకు తగాదాలే పుట్టాయి.) చీటీలోని ఒక అక్షరాన్ని కాస్త మార్చి రాస్తే శరీరం దాన్ని శత్రువుగా చూసి మండిపడదని ఇద్దరూ కలిసి 2005లో చూపించారు. 2023లో నోబెల్ వచ్చింది. చీటీకి కవరు కావాలి కదా, అది నాలుగు రకాల కొవ్వుల సూక్ష్మరేణువు. అలాంటి కవరులోనే పటిసిరాన్ అనే మరో రకం ఆర్‌ఎన్‌ఏ మందు 2018లోనే అమెరికాలో అనుమతి పొందింది.

తయారీ చూస్తే ముచ్చటేస్తుంది. కోడిగుడ్లు అక్కర్లేదు, కణాలను పెంచనక్కర్లేదు. డీఎన్‌ఏ మూస ఒకటి, ఎంజైము ఒకటి, నాలుగు అక్షరాల ముడిసరుకు, కొన్ని గంటల సమయం ఉంటే చీటీలు కుప్పలుగా పడతాయి. వాటిని శుభ్రం చేసి, ఆల్కహాలులో కరిగించిన కొవ్వులతో వేగంగా కలిపితే కవర్లు వాటంతటవే చుట్టుకుంటాయి. మోడెర్నా అనే మరో కంపెనీ టీకాకు అక్షరాల వరస ఖాయం చేసిన రోజు నుంచి మొదటి మనిషికి సూది పడేదాకా పట్టింది 63 రోజులు. 63 రోజుల్లో మా కేంద్రంలో కారే కొళాయికి వాషరు రాదు.

అలాంటి పరుగునే వచ్చిన ఫైజర్ బిడ్డను తెచ్చి తమరి ఒడిలో పెట్టారు. ఇక్కడే నాకు తమరి మీద అనుమానం. మొదట్లో ఆ ఫైజర్ టీకాను కరిగించాక మామూలు ఫ్రిజ్‌లో 5 రోజులే ఉంచవచ్చన్నారు. 2021 మే వచ్చేసరికి నెల రోజులు ఉంచవచ్చన్నారు. టీకా మారలేదు, సీసా మారలేదు. పరీక్షించి చూసుకోవడానికి వ్యవధి దొరికింది, అంతే. అంటే తమరి రాజసంలో కొంత చలి, కొంత తొందరలో పడిన జాగ్రత్త. ఆ సంగతి తెలియక నేను ఆరు నెలలు నా ఐఎల్ఆర్‌ను చిన్నచూపు చూశాను. దానికి క్షమాపణ చెప్పుకున్నాను, రాతపూర్వకంగా కాదు.

2021 జనవరి 16న మా దేశంలో టీకాలు మొదలైనప్పుడు వచ్చినవి కోవిషీల్డ్, కోవాక్సిన్. రెండూ 2 నుంచి 8 డిగ్రీల్లో సర్దుకుపోయేవే. మోడెర్నాకు ఆ జూన్‌లో కాగితం మీద అనుమతి ఇచ్చారు, సీసా మాత్రం మా గడప తొక్కలేదు. వరసలో కూర్చున్న ఒక పెద్దాయన అడిగాడు:

"అమెరికా సూది ఎప్పుడొస్తుంది సార్?"

"అది మన ఎండకు ఓర్చుకోలేదు తాతా."

"మా అల్లుడూ అంతే, మే నెలలో రాడు" అని చొక్కా చేయి పైకి మడిచాడు.

తమరికి చెప్పకూడదు గానీ, తమరి చాటున కొన్ని కుట్రలు జరుగుతున్నాయి. పుణెలోని జెన్నోవా వాళ్ళు ఎంఆర్‌ఎన్‌ఏ టీకాను ఒరుగులు పెట్టేశారు. మా అవ్వ మామిడి ముక్కలను మిద్దె మీద ఎండబెట్టినట్టు, వీళ్ళు టీకాను గడ్డకట్టించి, గాలి తీసేసిన గదిలో అందులోని నీటిని ఆవిరిగా లాగేస్తారు. మిగిలిన పొడి 2 నుంచి 8 డిగ్రీల్లో, అంటే నా పెట్టెలో, కాలు చాపుకుని పడుకుంటుంది. చలిని ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆపేసి, టీకాను మాత్రం బయటికి పంపారన్నమాట. దానికి 2022 జూన్‌లో అనుమతి వచ్చింది, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. అయినా ఆకులు దొరికాయి. అంతకు ముందు నెలలోనే హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్ళు కూడా ఎంఆర్‌ఎన్‌ఏ టీకా పరిజ్ఞానాన్ని సొంతంగా సిద్ధం చేశామని ప్రకటించారు.

ఇంకొక కబురు వింటే తమరు కరిగిపోతారు. ఇన్‌క్లిసిరాన్ అని చెడు కొలెస్టరాల్‌కు ఒక ఆర్‌ఎన్‌ఏ సూదిమందు ఉంది. మొదట రెండు మోతాదులు మూడు నెలల ఎడంతో, ఆపైన ఆరు నెలలకొకటి. దానికి కొవ్వు కవరూ లేదు, ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. గది ఉష్ణోగ్రతలో ఉంచితే చాలట. అయితే గది ఉష్ణోగ్రత అని రాసేవాళ్ళు ఏ ఊరి గదిని చూసి రాస్తారో! మే నెల మధ్యాహ్నం మా స్టోరు గదిలో నిలబడితే, పైన రేకులు చిటపటమంటుంటే, అట్టపెట్టెల మీద అంటించిన టేపు తనంతట తానే ఊడి వచ్చేస్తుంది. ఆ గదికి ఏ ఉష్ణోగ్రత అని పేరు పెట్టాలో ఎవరైనా లేబులు మీద అచ్చువేయిస్తే బాగుండు.

మొన్న కరెంటు పోయింది. మా ఐఎల్ఆర్ గోడల్లో మంచు పేరుకుని ఉంటుంది కాబట్టి మూత తెరవకపోతే గంటల తరబడి చల్లగానే ఉంటుంది. ఆ మాట ఎర్ర అక్షరాలతో రాసి మూత మీదే అంటించాను. కరెంటు వచ్చాక తెరిచి చూస్తే, చిన్నపిల్లల టీకాల బుట్ట పక్కన ఎవరిదో మజ్జిగ సీసా. పేరు రాయను. ఆయన కూడా మన శాఖవారే. మజ్జిగ మాత్రం బాగా చల్లగా ఉంది. నేనే తాగేశాను.

కాబట్టి తమరు మా ఊరు వేంచేయాలన్న ఆలోచన ఉంటే మానుకోవలసిందిగా ప్రార్థన. తమరికి వసతి చేయలేం. తమరు కాపలా కాసే చీటీని మాత్రం ఎండబెట్టి, పొట్లం కట్టి పంపించండి. పెట్టెలో కుడివైపు అర ఖాళీగా ఉంది, మజ్జిగ సీసా పోయాక.

ఇక ఉంటాను. సాయంత్రం నాలుగవుతోంది, రిజిస్టరు రాయాలి. ఐఎల్ఆర్: 5 డిగ్రీలు.

ఇట్లు,
తమరి విధేయుడు కానివాడు,
ఫార్మసిస్టు (సంతకం రిజిస్టరులో ఉంది)