ముత్తాతగారి ప్రమోషన్లు

చచ్చిపోయినవాళ్ళకి కూడా ఆగకుండా ప్రమోషన్లిచ్చే సంస్థ ప్రపంచంలో ఒక్కటే ఉంది. అది కుటుంబం.

సిపాయిగా చేరి సిపాయిగానే ఇంటికొచ్చిన మనిషి, కొడుకు నోట్లో పడేసరికి సార్జెంట్ అవుతాడు. మనవడి దగ్గరికొచ్చేసరికి కెప్టెన్. మునిమనవడు ఆఫీసులో చెప్పుకునే వేళకి కల్నల్, పైగా కింద ఒక తెల్లగుర్రం. బతికున్నప్పుడు ఏళ్ళ తరబడి ఒక్క మెట్టు కూడా ఎక్కించని సైన్యం సిగ్గుపడాల్సిన వేగం ఇది.

అందుకే పూర్వీకుల మిలిటరీ రికార్డులు వెతుకుదామని ఉబలాటపడేవాళ్ళకి నా మొదటి సలహా: వెతక్కండి. రికార్డుకి తెలిసిన పని ఒక్కటే, మూడు తరాలు కష్టపడి ఎక్కించిన మనిషిని ఒక్క కాగితంతో కిందికి దించడం. చెప్పినా వినరు కాబట్టి, దిగేదారి ఎలా ఉంటుందో చెబుతాను.

ముందు పేరు దగ్గరే దెబ్బ తగులుతుంది. ఇంటిల్లిపాదీ 'పెద్దాయన' అన్నవాళ్ళే తప్ప అసలు పేరు తెలిసినవాళ్ళుండరు. గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నాడు, మర్నాడు ఇంకో గుమాస్తాకి ఇంకోలా వినపడింది. పోనీ సర్వీసు నంబరుతో వెతుకుదామా? బ్రిటిష్ సైన్యంలో 1920 దాకా మామూలు సైనికుల నంబర్లు ఏ రెజిమెంటుకి ఆ రెజిమెంటే వేసుకునేది. ఒకే నంబరుతో పలువురుంటారు. మనవాడు రెజిమెంటు మారితే నంబరూ మారిపోతుంది.

ఇంట్లో మొదటి ప్రపంచ యుద్ధం నాటి వెండి పతకం, అదే బ్రిటిష్ వార్ మెడల్, ఉంటే దాని అంచు చూడండి. నంబరు, ర్యాంకు, పేరు, రెజిమెంటు అక్కడే చెక్కి ఉంటాయి. దాన్ని తుడిచి తుడిచి మెరిపించే కుటుంబాలు రాజుగారి మొహం వైపే చూస్తాయి గానీ అంచు చదవవు. చదివితే అక్కడ 'పీటీఈ' అని మూడక్షరాలు కనపడే ప్రమాదం ఉంది మరి. ప్రైవేట్ అని అర్థం. అంటే సిపాయే.

వయసు సంగతి ఇంకా అన్యాయం. ఆ యుద్ధంలో చేరడానికి 18 నిండాలన్నది బ్రిటిష్ వాళ్ళ రూలు. నిండని కుర్రాళ్ళు పెంచి చెప్పారు. వయసు దాటిపోయిన మగవాళ్ళు తగ్గించి చెప్పారు. పేరే మార్చేసుకుని చేరినవాళ్ళూ ఉన్నారు. కాబట్టి వంశంలో మొదటి కట్టుకథ అల్లింది మునిమనవడు కాదు, సాక్షాత్తూ ముత్తాతే.

ఇవన్నీ దాటితే నిప్పు. సైన్యాలు చాలా ముందుచూపున్న సంస్థలు. శత్రువు ఎటునుంచి వస్తాడో, ఏ వంతెన కూలుస్తాడో ముందే ఊహించి మ్యాపులు గీసుకుంటాయి. కాగితాలు మాత్రం తెచ్చి ఒకే కప్పు కింద కుక్కుతాయి. 1940 సెప్టెంబరులో లండన్ మీద బాంబులు పడ్డప్పుడు మొదటి యుద్ధం నాటి సైనికుల సర్వీసు ఫైళ్ళలో దాదాపు 60 శాతం కాలిపోయాయి. అంచులు మాడి మిగిలినవాటికి 'కాలిన కాగితాలు' అన్న పేరే స్థిరపడిపోయింది. 1945 ఏప్రిల్‌లో జర్మనీలోని పోట్స్‌డామ్ మీద బాంబుల వంతు వచ్చింది, జర్మనీలో భాగమైన ప్రష్యా రాజ్యపు సైన్యం రికార్డులు చాలావరకు బూడిద. జర్మనీలోనే ఇంకో రాజ్యం బవేరియా తన కాగితాలు తన దగ్గరే పెట్టుకుంది కాబట్టి బతికిపోయింది. జర్మన్ మునిమనవలకి నేను చెప్పగలిగింది ఒక్కటే, మీ ముత్తాత బవేరియాలో పుట్టి ఉండాల్సింది.

మూడోదానికి బాంబు కూడా అక్కర్లేకపోయింది. 1973 జులై 12న, అమెరికాలో సెయింట్ లూయీస్ ఊరి పక్కన ఉన్న సైనిక రికార్డుల భవనం పై అంతస్తు అంటుకుంది. 1 కోటీ 60 లక్షల నుంచి 1 కోటీ 80 లక్షల ఫైళ్ళు పోయాయి. వాటికి నకళ్ళు లేవు, మైక్రోఫిల్ములు లేవు. ఏమేం కాలాయో చెప్పడానికి జాబితా కూడా లేదు. ఎయిర్‌ఫోర్సు నుంచి 1947–1964 మధ్య బయటికొచ్చినవాళ్ళ ఫైళ్ళలో అక్షరక్రమంలో 'హబ్బర్డ్' దాటిన పేర్లవే తగలబడ్డాయి, నూటికి 75 చొప్పున. ఏ, బీ, సీలతో మొదలయ్యే ఇంటిపేర్లవాళ్ళ తాతలు ఉన్న ర్యాంకులోనే ఇరుక్కుపోయారు. ఎస్, టీ, డబ్ల్యూ వాళ్ళకి ఆకాశమే హద్దు.

అన్నట్టు, వీరుడి ఫైలు కన్నా ఆయన భార్య ఫైలు లావుగా ఉంటుంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నాటి సిపాయిల వితంతువులు పింఛను కావాలంటే పెళ్ళి జరిగిందని రుజువు చూపించాలి. చర్చి కాగితం లేని ఆడవాళ్ళు పెళ్ళిళ్ళూ పుట్టినరోజులూ రాసుకున్న ఇంటి బైబిల్లోంచి పేజీ చింపి పంపారు. ఆ పేజీలు ఈనాటికీ ప్రభుత్వ దస్తాల్లోనే ఉన్నాయి. ఇంట్లోవాళ్ళేమో బైబిల్ చింపింది ఎవరని ఇంకా తగువులాడుకుంటూ ఉంటారు.

ఇంత చెప్పి నేను ఊరుకున్నానా? మా పెద్దాయన ఫైలు తెప్పించాను.

ఛాతీ 33 అంగుళాలు, గాలి బిగబడితే 35. ఆ రెండు అంగుళాలే దేశరక్షణకి మా వంశం ఇచ్చింది. కుడి మోకాలి మీద మచ్చ. తర్వాత నడవడి పత్రం. పరేడ్‌కి కోటు బొత్తాం లేకుండా హాజరు: మూడు రోజులు బారక్స్ దాటరాదు. నెల తిరక్కుండా మళ్ళీ బొత్తాం, ఈసారి అయిదు రోజులు. సెలవు నుంచి 19 గంటలు ఆలస్యంగా రాక: జీతంలో కోత. సంజాయిషీ గడిలో 'బండి దొరకలేదు' అని ఉంది. మా ఇంట్లో ఈ సాకు ఇప్పటికీ దివ్యంగా నడుస్తోంది. ఇక డీఎన్ఏ పరీక్ష ఎందుకు?

అమెరికాలోనైతే సర్వీసు వదిలి 62 ఏళ్ళు దాటిన ఫైలు ఎవరైనా అడిగి చదువుకోవచ్చు. అంటే బొత్తాం సంగతి పక్కింటివాళ్ళకి కూడా తెలిసే ఏర్పాటు ఉందన్నమాట.

వీరగాథ యూనిట్ డైరీలో ఉంటుందని ఎవరో ఆశపెడితే అదీ తీశాను. 'వాన. కందకాలకు మరమ్మతు. మృతులు ఇద్దరు.' అంతే. ఆఫీసరు కాలు బెణికితే పేరుతో సహా ఉంది. చచ్చిపోయిన సిపాయిలు ఇద్దరు అనే ఒక అంకె.

ఈ అంకె దగ్గర కాసేపు నా వెటకారం పనిచెయ్యలేదు. యుద్ధ సమాధులు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్, మొదటి యుద్ధంలో పోయినవాళ్ళలో కనీసం 1,16,000 మందికి పేరు పెట్టి స్మారకం కట్టలేదని 2021 నివేదికలో ఒప్పుకుంది. ఆ సంఖ్య 3,50,000 దాకా ఉండొచ్చట. ఎక్కువమంది తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు వాళ్ళు. మా వాడి బొత్తాన్ని రెండుసార్లు లెక్క రాసిన సామ్రాజ్యానికి వీళ్ళ పేర్లు రాయడానికి సిరా చాల్లేదు. ఆ మునిమనవలకి ర్యాంకు ఊడుతుందన్న టెన్షన్ లేదు. ఊడటానికి ముందు కాగితం ఉండాలి కదా.

ఫైలు మూసి పెట్టేశానో లేదో, పెద్దన్నయ్య ఫోను.

"ఏరా, దొరికిందా?"

నోటిదాకా వచ్చిన బొత్తాం అక్కడే ఆగిపోయింది.

"లేదన్నయ్యా. కాలిపోయిందట."

"అయ్యో! కల్నల్ అని రాసి ఉండేది రా అందులో."

"ఉండేదేమో."

ఏ నిప్పు, ఎప్పుడు, ఎక్కడ అని ఆయన అడగలేదు. సాయంత్రం ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్ వచ్చింది. ముత్తాతగారి రహస్య పత్రాలు చేజిక్కించుకోలేక శత్రువులు ఏకంగా భవనాన్నే తగలబెట్టారట. కింద ఆయన ఫోటో, దాని కింద పేరు.

పేరు ముందు బ్రిగేడియర్ అని ఉంది.