చందనం దుంగలు, చాక్‌పీసులు: ఆ ఫార్వర్డ్ సంగతి

ఈ వాట్సాప్ ఫార్వర్డ్ రావడం ఈ వారంలో ఐదో తూరి. పొద్దున మా చిన్నమామ పంపినాడు, మధ్యాహ్నానికి పదో తరగతి బ్యాచ్ గ్రూపులోనూ దిగింది. ఎర్రచందనం దుంగల ఫొటో, పక్కన అద్దాల మేడలాంటి అమెరికా బడి. కింద రాత: "అక్కడ అడవి రాబడిలో నాలుగో వంతు బడులకు. మన కడపలో అడవిపల్లెకు బడి గది కట్టుకోనీదు చట్టం. చందనం కోట్లు ఎటుపోతున్నాయి? కొండలు గనులకిస్తే పల్లె బడులు బంగారం. షేర్ చేయండి."

అమెరికా ముక్క అబద్ధం కాదు. జాతీయ అడవుల రాబడిలో 25 శాతం బడులకు, రోడ్లకు ఇవ్వాలని 1908లోనే చట్టం చేసినారు. తర్వాతి కథ ఫార్వర్డ్‌లో లేదు. 1990లలో అక్కడ చెట్ల నరుకుడు తగ్గింది, బడుల రాబడీ దాంతోపాటే పడింది. 2000లో ఇంకో చట్టం తెచ్చి ఖజానా నుంచి పూడ్చినారు. దాని గడువు తీరినప్పుడల్లా ఎదురుచూపులే. మానుకు గొడ్డలి పడితేనే బడికి డబ్బు. ఆ తిప్పలు మనమూ తెచ్చుకోవాలంట!

బడి గది కట్టనీదన్నది ఉత్తదే. 2006 అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 3(2): గ్రామసభ సిఫారసు చేస్తే హెక్టారు లోపు భూమి ఇవ్వొచ్చు, హెక్టారుకు 75 చెట్లు మించి కొట్టకూడదు. అలా కట్టుకోదగ్గ వాటి జాబితాలో మొదటి పేరే బడి.

అసలు విషం గనుల మాటలో ఉంది. అడవి భూమి తీసుకున్నందుకు కంపెనీ కట్టే పరిహారం కాంపా నిధికి, అంటే పోయిన అడవికి బదులు అడవి పెంచే నిధికి పోతుంది. 2016 చట్టం ప్రకారం అది అడవి పనులకే, దాంట్లోంచి బడికి ఒక్క బెంచీ రాదు. ఖనిజం తవ్వినందుకు కట్టే రాయల్టీ సర్కారు ఖజానాలో పడుతుంది. ఆ రూపాయి మీద 'సిద్ధవటం పిల్లకాయలకు' అని రాసుండదు గదా సామీ!

మా అక్క పనిచేసే బడి సిద్ధవటం పక్క లంకమల కొండల కిందనే. (అంతరించిందనుకున్న పిట్ట కలివికోడి 1986లో మళ్లీ కనబడింది ఆ అడవి వారనే. పాపం, దానికి ఫార్వర్డ్ చేయడం రాదు.) పిల్లలు 28 మంది. సర్కారు బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం లెక్కలో 30 మంది దాకా ఉన్న బడికి ఏడాదికి 10 వేల గ్రాంటు, అందులో పదో వంతు శుభ్రతకే. మిగిలిన దాంట్లో చాక్‌పీసులు, రిజిస్టర్లు, కాలిపోయిన మోటారు, ఊడిన తలుపు గడియ. ఇంకో ముగ్గురు చేరితే 25 వేలు. ఇది తలల లెక్క, చెట్ల లెక్క కాదు. కొండంతా తవ్వి లారీలకెత్తినా ఆ బడిలో 28 మందే. దుమ్ముకు తాళలేక నాలుగిళ్లు ఊరొదిలితే ఇంకా తక్కువ.

గనుల వల్ల బడికేమీ రాదని మాత్రం అనను. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధిలో చదువు ముఖ్యమైన పద్దే. మంగంపేట ముగ్గురాయి లాంటి ఉన్న గనుల సొమ్ము లెక్క అడగండి, నేనూ వస్తా. దానికి కొత్తగా కొండ తవ్వే పనేముంది?

చందనం వేలానికొచ్చేది ఎక్కువగా దొంగల దగ్గర పట్టుకున్న సరుకే. బడి నడవాలంటే దొంగలు బాగుండాలన్నమాట! అయినా, ఆ సొమ్ములో కొండకింది బడులకు వాటా అడగడం న్యాయమే. అర్జీ రాస్తే మొదటి సంతకం నాది. గనుల ముక్క తీసేసి పంపు మామా.