ఖండన: ‘షేర్లు కూలితే బంగారం లేస్తుంది, డెట్ ఫండ్‌కు ఏమీ కాదు’

వాట్సాప్‌లో తిరుగుతున్న సందేశం చెప్పేది ఇది: షేర్లు, బంగారం చెరిసగం పెట్టండి, ఒకటి పడితే రెండోది లేస్తుంది. రెంటి మధ్య కోరిలేషన్ (రెండూ ఎంతమేరకు కలిసి కదులుతాయో చెప్పే అంకె) సున్నా కాబట్టి రిస్కు తగ్గుతుంది. డెట్ ఫండ్‌కు (బాండ్లు, అంటే అప్పు పత్రాలు కొనే మ్యూచువల్ ఫండ్‌కు) స్టాక్ మార్కెట్ సెగ తగలదు.

‘ఒకటి పడితే రెండోది లేస్తుంది’: ఏళ్ళ లెక్కన చాలాసార్లు నిజమే. అవసరమైన వారంలోనే తప్పింది. 2020 మార్చి 9న 1,700 డాలర్లు తాకిన ఔన్సు బంగారం, 16కల్లా 1,500 కిందికి దిగింది. అదే వారం షేర్లూ కుప్పకూలాయి. అప్పు తెచ్చి ఆడే ఫండ్లకు ఫ్యూచర్స్‌లో (ముందు తేదీకి ధర కుదుర్చుకునే ఒప్పందాల్లో) నష్టమొస్తే మార్జిన్ నగదు, అంటే హామీ సొమ్ము, వెంటనే కట్టాలి. పడుతున్న షేర్లకు మంచి ధర రాదు. లాభంలో ఉన్నదీ, ఇట్టే అమ్ముడయ్యేదీ బంగారమే కాబట్టి దాన్ని తెగనమ్మారు. అమెరికా ప్రభుత్వ అప్పు పత్రాలైన ట్రెజరీ బాండ్లనూ వదల్లేదు. పైగా ఒడుదొడుకులు పెరిగేకొద్దీ మార్జిన్ శాతమూ పెరుగుతుంది, నష్టం రానివాడూ నగదు వెతుక్కోవాలి. మన దగ్గర రూపాయి కూడా పడటంతో బంగారం దెబ్బ తక్కువగా కనిపించింది, అంతే. ఆగస్టులో ఔన్సు 2,000 డాలర్లు దాటింది. అప్పటిదాకా ఆగగలిగినవాళ్ళకే ఆ సందేశం పనికొచ్చింది.

‘కోరిలేషన్ సున్నా’: అది ప్రశాంతమైన రోజుల సగటు. రెండు ఆస్తుల ఒడుదొడుకులు (రాబడి సగటు నుంచి అటూఇటూ ఊగే మేర) చెరి 20 శాతం, కోరిలేషన్ సున్నా అనుకుంటే, చెరిసగం పోర్ట్‌ఫోలియో ఒడుదొడుకులు 14 శాతం అవుతాయి. సంక్షోభంలో అవి 40కి చేరితే 28. కోరిలేషన్ కూడా 0.7 అయితే 37. (ఒడుదొడుకులు పెరిగితే కోరిలేషన్ కొంత లెక్క వల్లే పెరిగి కనిపిస్తుంది. ప్రతి పెరుగుదలనూ చూసి ఒక మార్కెట్ సంక్షోభం ఇంకోదానికి అంటుకుందనేయడమూ తొందరపాటే.)

‘డెట్ ఫండ్‌కు సెగ తగలదు’: 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ అనే మ్యూచువల్ ఫండ్ సంస్థ 6 డెట్ పథకాలను మూసేసింది. 27న రిజర్వ్ బ్యాంక్ మ్యూచువల్ ఫండ్ల కోసం 50,000 కోట్ల రూపాయల ప్రత్యేక రుణ సదుపాయం తేవాల్సి వచ్చింది. మదుపరులు డబ్బు వెనక్కి అడిగితే మేనేజరు ముందు మంచి బాండ్లే అమ్ముతాడు, ఎందుకంటే అమ్ముడయ్యేవి అవే. ఆగినవాళ్ళ వాటాలో కదలని కాగితాలు, అంటే ఎవరూ కొనని బాండ్లు, పోగుపడతాయి. ఆ పథకాల డబ్బు తర్వాత విడతలుగా వచ్చింది గానీ, కావాల్సిన రోజున రాలేదు. కొనేముందు ఫండ్ నెలవారీ పోర్ట్‌ఫోలియో తెరిచి రెండు అంకెలు చూడండి: ఏఏ, అంతకన్నా తక్కువ రేటింగ్ (అప్పు తిరిగొచ్చే భరోసాకు ఇచ్చే మార్కు) ఉన్న బాండ్లు ఎంత శాతం; నగదు, ట్రెజరీ బిల్లులు (ప్రభుత్వ స్వల్పకాల అప్పు పత్రాలు) కలిపి ఎంత శాతం.