ఇంటద్దె కార్యాలయంలో కల్యాణం

ఇంగ్లండులో పెళ్లి చేసుకోదలచినవారు రిజిస్ట్రారు కార్యాలయంలో నోటీసు ఇవ్వాలి, 28 రోజులు ఓపిక పట్టాలి, ఆ తరువాత ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకుని వెళ్లాలి. ఇంత శ్రమకు ఓర్వలేని బద్ధకస్తులను దృష్టిలో ఉంచుకునే కాబోలు, అక్కడి ప్రభుత్వం మరొక సులభమార్గాన్ని తెరిచి ఉంచింది. ఇంటద్దెకు సాయం కావాలని దరఖాస్తు పెట్టుకుంటే చాలు. మీరు ఎవరితో ఒక కప్పు కింద ఉంటున్నారో ఆ మనిషి మీకు ఏమవుతారో అధికారులే తేల్చి, తాంబూలాలు కూడా అడగకుండా మిమ్మల్ని జంటగా ప్రకటిస్తారు. చట్టంలో దీనిని 'పెళ్లయిన జంటలాగా కలిసి జీవించడం' అంటారు. ఆ 'లాగా' అన్న మాటలోనే మంగళసూత్రం ఉంది.

ఈ అద్దె సాయానికి ఉన్న హౌసింగ్ బెనిఫిట్ అన్న పాత పేరు ఇప్పుడు పింఛను వయసు వారికీ, కొన్ని ప్రత్యేక వసతుల్లో ఉండేవారికీ మిగిలింది. పని వయసులో ఉన్నవారు 2013లో మొదలైన, తక్కువ ఆదాయం గలవారికి నెలనెలా ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ అనే సాయంలోనే అద్దె భాగాన్ని కూడా అడగాలి. పేరు మారినా పురోహితుడు మారలేదు.

జంటను గుర్తుపట్టే శాస్త్రం గురించి కొంత చెప్పుకోవాలి. ఇద్దరిదీ ఒకే కాపురమా, బంధం నిలకడగా ఉందా, డబ్బు ఒకరిది ఒకరు వాడుకుంటున్నారా, దాంపత్య సంబంధం ఉందా, పిల్లలు ఉన్నారా, నలుగురిలో భార్యాభర్తల్లా మసలుతున్నారా అన్నవి అక్కడి న్యాయస్థానాలు ఏనాడో ఖాయం చేసిన గుర్తులు. వీటిలో ఏ ఒక్కటీ దానంతట అది సరిపోదని, అన్నిటినీ కలిపి చూడాలని కూడా వారు సెలవిచ్చారు. ఈ విద్య తెలుగువారికి కొత్తది కాదు. మన ఎదురింటి పిన్నిగారు ఇదే పరీక్షను ఆరబెట్టిన బట్టలు చూసి అరగంటలో ముగించగలరు, పైగా ఆవిడకు జీతం ఇవ్వనక్కరలేదు.

ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. అయితే ఇదే ప్రభుత్వపు మరొక చేయి ఈ పెళ్లిని ససేమిరా గుర్తించదు. ఆదాయపు పన్ను శాఖకు 1990 నుంచి మొగుడూ పెళ్లాలు కూడా ఎవరికి వారే. పెళ్లయిన జంటలో ఒకరు తమ పన్నులేని పరిమితిలో 1,260 పౌండ్లను రెండవవారికి బదలాయించవచ్చు గానీ, సహజీవనం చేసేవారికి ఆ భాగ్యం లేదు. వీలునామా రాయకుండా ఒకరు కన్నుమూస్తే, చట్టప్రకారం వారసత్వం పంచేవేళ ఇరవయ్యేళ్లు కలిసి కాపురం చేసిన రెండవవారికి దానంతట అదిగా ఏ వాటా దక్కదు. ఏదైనా కావాలంటే న్యాయస్థానం మెట్లెక్కాలి. అంటే, బతికి ఉండి అద్దె అడిగినప్పుడు మీరు దంపతులు, చచ్చి ఆస్తి వదిలినప్పుడు మీరు పరిచయస్తులు. ప్రభుత్వం పుచ్చుకునేవేళ ఇద్దరిని ఇద్దరుగానూ, ఇచ్చేవేళ ఇద్దరిని ఒకరుగానూ లెక్కించడంలో ఏదో అద్వైతం ఉంది, మనకే అందడం లేదు.

ఈ అద్వైతానికి ధర కూడా ఉంది. 2025–26 లెక్కల్లో 25 ఏళ్లు నిండిన ఒంటరి మనిషికి యూనివర్సల్ క్రెడిట్‌లో నెలకు ప్రాథమిక భత్యం 400.14 పౌండ్లు, జంటకు 628.10 పౌండ్లు. ఇద్దరు ఒంటరివాళ్లు ఒకరినొకరు ఇష్టపడిన పాపానికి నెలకు 172 పౌండ్ల 18 పెన్నీలు చెల్లించుకుంటారన్నమాట. పొదుపు విషయంలో మరీ విచిత్రం. 16,000 పౌండ్లు దాటితే సాయం లేదన్న గీత ఒంటరివారికీ జంటకూ ఒక్కటే. తలా 9,000 దాచుకున్న ఇద్దరు విడివిడిగా ఉంటే పేదలు, ఒక చోట చేరిన మరునాడే ధనవంతులు. న్యాయంగా మరొక వైపు కూడా చెప్పాలి: ప్రైవేటు అద్దెకుండే 35 ఏళ్లలోపు ఒంటరివారిలో ఎక్కువమందికి పంచుకునే ఇంట్లో ఒక గది మేరకే అద్దె లెక్కిస్తారు, జంట అయితే సొంత వంటగది ఉన్న ఒక పడకగది ఇంటి లెక్క వస్తుంది. వరుణ్ణి వెతికే తల్లిదండ్రులు కూడా ఇంత ఆచితూచి ఆలోచించరు.

ఇక సొంత పని చేసుకునేవారి సంగతి. పెళ్లిళ్లకు ఫోటోలు తీసే ఒక మనిషిని ఊహించుకుందాం. ఆయన తోడు ఒక దుకాణంలో పూట పని చేస్తుంది, పిల్లలు లేరు. ఇద్దరూ కలిసే దరఖాస్తు పెట్టాలి. ఆమె జీతంలోనూ ఆయన లాభంలోనూ చేతికందే ప్రతి పౌండుకు 55 పెన్నీల చొప్పున సాయం తగ్గుతుంది. ఆయన ప్రతి నెలా ఎంత వచ్చింది, ఎంత పోయింది అని నివేదించాలి. పని మీద కారులో తిరిగితే నెలలో తొలి 833 మైళ్లకు మైలుకు 45 పెన్నీలు రాసుకోవచ్చు. ఇంట్లో కూర్చుని ఫోటోలు దిద్దితే నెలకు 25 గంటలు చేరాకే 10 పౌండ్లు రాసుకోవచ్చు; 24 గంటలు దిద్దిన కళాకారుడికి గుండుసున్నా.

అసలు వింత ఏడాది నిండాక మొదలవుతుంది. అప్పటి నుంచి మినిమమ్ ఇన్‌కమ్ ఫ్లోర్, అంటే ఇంతైనా సంపాదించి ఉంటారన్న ఊహాలెక్క, అనే ఒక అదృశ్య మానవుడు ఆ ఇంట్లో ప్రవేశిస్తాడు. ఈయన సాధారణంగా వారానికి 35 గంటలు కనీస వేతనంతో, అంటే 2025 ఏప్రిల్ నాటి రేటు ప్రకారం గంటకు 12.21 పౌండ్లతో, జలుబు చేసినా పెళ్లిళ్లు లేకపోయినా పని చేస్తూనే ఉంటాడు. అసలు ఫోటోగ్రాఫరు డిసెంబరులో ఒక్క పెళ్లీ దొరక్క గోళ్లు గిల్లుకుంటున్నా, అదృశ్య మానవుడి సంపాదనలోంచి పన్నులు తీసివేసి, మిగిలింది ఈయనకే వచ్చినట్లు లెక్కిస్తారు. పోనీ జూలైలో పెళ్లిళ్లు కుప్పపడినప్పుడైనా ఆ సంపాదనను డిసెంబరుతో కలిపి సగటు చూస్తారా అంటే, జూలైలో వచ్చింది జూలైలోనే వచ్చింది, సాయం జూలైలోనే తగ్గింది. ఏడాది మొత్తం మీద సమానంగా సంపాదించిన జీతగాడికంటే ఈయనకు తక్కువ ముట్టడం ఇందువల్లనే. పెళ్లిళ్లకు ముహూర్తాలు ఉంటాయన్న రహస్యం ఆ నియమాలు రాసినవారికి ఎవరైనా తెలుగువారు విన్నవించి ఉండవలసింది. కరోనా కాలంలో, 2020లో, ఈ అదృశ్య మానవుడికి సెలవిచ్చి పంపారు. 2021 ఆగస్టు నుంచి క్రమంగా తిరిగి పనిలో పెట్టారు. ఇంత నిబద్ధత గల ఉద్యోగిని ఎవరు వదులుకుంటారు?

ఉద్యోగపు వీసాల మీద అక్కడికి వెళ్లిన మన పిల్లలకు ఈ బాధ లేదు. ప్రభుత్వ నిధులు ముట్టరాదని వారి అనుమతిలోనే రాసి ఉంటుంది గనుక వారిని ఏ కార్యాలయమూ అద్దె పేరుతో కల్యాణం చేయదు. ఆ పని కోసం అమ్మానాన్నలు ఇక్కడి నుంచి వారానికి నాలుగుసార్లు ఫోను చేస్తూనే ఉంటారు.

మన ఫోటోగ్రాఫరు మొన్న ఒక పెళ్లిలో కెమెరా భుజాన వేసుకుని నిలబడి ఉండగా, పెళ్లికూతురి తల్లి దగ్గరకు వచ్చి, ఇందరి పెళ్లిళ్లు తీస్తున్నారు, మీ పెళ్లి ఎప్పుడని ఆప్యాయంగా అడిగింది. రెండేళ్ల కిందటే అయిపోయిందండీ, కౌంటరు దగ్గర మమ్మల్ని కూర్చోబెట్టి వాళ్లే జరిపించారు, ఫోటోలు మాత్రం తీయనివ్వలేదు అన్నాడు.