బడికి పంపమని తల్లినే ఎందుకు నిలదీస్తాం?

2025 జూన్‌లో, బడులు తెరిచిన వారం, విశాఖ ఎంవీపీ కాలనీలోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక పంచాయితీ జరిగింది. వాచ్‌మన్ కుటుంబానిది శ్రీకాకుళం వైపు పల్లె. పదకొండేళ్ల కూతురు బడి మానేసి ఏడాదిన్నర తమ్ముణ్ని చంకనేసుకుని తిరుగుతోంది. సంఘం పెద్దలు కుర్చీల్లో కూర్చున్నారు, తల్లి జనరేటర్ పక్కన నిలబడింది. ‘గుంటని బడికి పంపకపోతే గది ఖాళీ చెయ్యాల్సొస్తుంది’ అన్నారొకరు. ‘ప్రభుత్వం 13 వేలు ఇస్తుంటే ఇంకేం కావాలి?’ అన్నారింకొకరు. ఆవిడ ఒక్క మాటే అడిగింది: ‘సంటోడ్ని ఎవులు సూత్తారు బాబూ?’

దానికి జవాబు రాలేదు. వారం తిరక్కుండా పిల్ల బడి గేటు ముందు నిలబడ్డ ఫొటో మా వాట్సాప్ గ్రూపులోకొచ్చింది. కింద చప్పట్ల బొమ్మలు. ఫొటో తీసేముందు ఆ పిల్లని అడిగినవాళ్లు లేరు.

ఒత్తిడే తప్పని అనను. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎంవీ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ చేసింది కూడా ఊరిని కదిలించడమే. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుల లెక్కేనని ఊరంతటి చేతా అనిపించారు. ఆ కృషికే సంస్థను నడిపించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. కానీ అక్కడ తల్లిదండ్రులను ఒప్పించి ఊరుకోలేదు, పిల్లల్ని పనిలో పెట్టుకున్న ఆసాముల గడపలూ తొక్కారు. మా సెల్లార్‌లో ఆ గడపలు మావే. అందుకే ఎవరూ ఆ ఊసెత్తలేదు.

ఆ తల్లి నాలుగు ఫ్లాట్లలో పాచిపని చేస్తుంది, ఇంటికి నెలకు 1,500. పిల్ల బడికెళ్తే తమ్ముడి కోసం రెండిళ్లు వదులుకోవాలి. అంటే ఏడాదికి 36 వేలు. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఏడాదికిచ్చే ‘తల్లికి వందనం’ 15 వేలలో బడి నిర్వహణకు 2 వేలు పోగా చేతికొచ్చేది 13 వేలు.

భారం ఎవరి మీద పెట్టాలో చట్టం మనకంటే ముందే తేల్చింది. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకున్నవారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల జరిమానా, లేదా రెండూ. కన్నవారికి మొదటి తప్పుకు శిక్ష లేదు. 2009 విద్యాహక్కు చట్టం వయసు పత్రం లేదని పిల్లల్ని తిప్పి పంపొద్దంది, వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని వెనకబడ్డ పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇమ్మంది. గది ఖాళీ చేయించమని మాత్రం ఎక్కడా లేదు.

దసరా సెలవులయ్యాక పిల్ల మళ్లీ మెట్ల మీద కనబడింది. సరిగ్గా బడి వేళకే ఇంటర్‌కం మోగేది: పెరుగు ప్యాకెట్, ఇస్త్రీ బట్టలు, కొరియర్. మా ఇంటికీ రెండుసార్లు పెరుగు తెచ్చింది. చిల్లర ఉంచుకోమన్నాను. బడెందుకు మానేశావని కూడా ఆ నోటితోనే అడిగాను.

మావి 24 ఫ్లాట్లు. ఇంటికి నెలకు 125 రూపాయలు ఎక్కువేసుకుంటే ఆ రెండిళ్ల 3 వేలు వచ్చేస్తాయి, తల్లి సంటోడి దగ్గరుంటుంది. సంఘం మీటింగ్‌లో ఈ మాట పెట్టాను. లిఫ్టు మరమ్మతు సంగతి తేలాక చూద్దామన్నారు. ఆ రోజు అందరికీ టీలు తెచ్చింది ఆ పిల్లే.