రుద్రమదేవిని ఈ ఫార్వర్డ్‌లోకి లాగకండి

మా రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగుల గ్రూపులో ఈ వారం నాలుగోసారి వచ్చింది అదే మెసేజ్. హన్మకొండ నుంచి ఇద్దరు, కరీంనగర్ నుంచి ఒకరు, చివరికి మా బావ కూడా పంపాడు. కంపెనీల పై కుర్చీల్లో ఆడవాళ్లు తక్కువుంటే పెద్దసార్ల తప్పేం లేదట. సత్తా ఉంటే ఎవరూ ఆపలేరట, రుద్రమదేవికి ఎవరిచ్చారు కోటా అట. ప్రమోషన్లు వద్దనేది ఆడవాళ్లేనట. ఆడదానికి ఆడదే శత్రువట. చట్టం పెడితే బోర్డుల్లోకి వచ్చింది ఓనర్ల భార్యలేనట. చివర మూడు దండాలు.

శత్రువుల సంగతి ముందు. మగ మేనేజర్లు ఒకరి కుర్చీ కింద ఒకరు పెట్టుకున్న మంటలు ముప్పై ఏళ్లు చూశాను. దాని మీద ఒక్క సామెతా పుట్టలేదు. సరే, వదిలేద్దాం.

ఇక రుద్రమ. ఖిలా వరంగల్‌లో సెల్ఫీలు దిగి వచ్చినవాళ్లే ఇది పంపుతున్నారు! అయ్యా, ఆమెను వారసురాలిని చేసింది తండ్రి గణపతిదేవుడు. తాను బతికుండగానే పాలనలో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఎదురుతిరిగిన సామంతులను అణచడం ఆమె సత్తా, కుర్చీ దాకా తేవడం పెద్దాయన నిర్ణయం. అంత చేసినా శాసనాల్లో 'రుద్రదేవ మహారాజు' అని మగపేరు చెక్కించుకోవాల్సి వచ్చింది. సత్తా ఒక్కటే చాలితే ఆ పేరెందుకు? మీరు పిలిచిన సాక్షి మా వైపు చెప్తోంది.

మన కాలంలోనూ అంతే. కె.వి. కామత్ పెద్దసారుగా ఉన్నప్పుడు ఐసీఐసీఐ బ్యాంకులో పెరిగిన చందా కొచ్చర్ 2009లో అక్కడే ఎండీ అయ్యారు. అదే ఏడాది, అదే గూటి శిఖా శర్మ యాక్సిస్ బ్యాంకు పగ్గాలు పట్టారు. మిగతా బ్యాంకుల ఆడవాళ్లకు సత్తా కరువైందా? కొచ్చర్ మీద తర్వాత కేసు పడింది కదా అంటారు. కేసులు పడ్డ మగ ఎండీలను లెక్కపెడదామా?

ప్రమోషన్ వద్దనడం నిజమే. ఆ కాగితాలు పైకి పంపింది నేనే. కానీ ప్రమోషన్‌తో పాటే ఆదిలాబాద్ అవతలికి బదిలీ. మూడో క్లాసు పిల్లను, మంచాన పడ్డ అత్తను ఎవరికి అప్పగించాలి? ఆ రూలు బ్రహ్మ రాయలేదు, హెడ్డాఫీసు రాసింది. అరుంధతీ భట్టాచార్య 2013లో స్టేట్ బ్యాంకు తొలి మహిళా చైర్‌పర్సన్ అయ్యారు. పిల్లల కోసం, పెద్దల కోసం మహిళా ఉద్యోగులు రెండేళ్లు విరామం తీసుకుని తిరిగొచ్చే వీలు ఆమె హయాంలోనే కల్పించారు. మరి నేనేం చేశాను? ఒకసారి ట్రైనింగ్‌కు పేరు పంపమంటే, మా బ్రాంచిలో అందరికన్నా చురుకైన అమ్మాయిని వదిలేశాను. చంటిపిల్ల ఉంది కదా, ఎలా పోతుంది అనుకున్నా. ఆమెను అడగలేదు. నేను పంపిన కుర్రాడికీ అప్పుడు ఆరు నెలల కొడుకున్నాడు.

ఓనర్ల భార్యల మాట మాత్రం ఒప్పుకుంటా. 2013 కంపెనీల చట్టం లిస్టెడ్ (షేర్ మార్కెట్లో నమోదైన) కంపెనీ బోర్డులో కనీసం ఒక మహిళ ఉండాలంటే, గడువు దగ్గర పడేసరికి చాలామంది ఇంట్లోవాళ్లనే కూర్చోబెట్టారు. అందుకే షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ, మార్కెట్ విలువలో మొదటి 500 కంపెనీలకు 2019 నుంచి, మొదటి 1000 కంపెనీలకు 2020 నుంచి స్వతంత్ర మహిళా డైరెక్టర్, అంటే ఓనర్ల ఇంటిమనిషి కాని ఆమె, ఉండాలని పెట్టింది. ఇంతకీ ఆ భార్యలను కూర్చోబెట్టింది ఎవరు బావా? నీ మెసేజ్‌లో తప్పేం లేదన్న ఆ పెద్దసార్లే కదా.